ఎత్తు ఎక్కని కారు

సాయంత్రం కారు కొనేవాళ్ళు వస్తున్నారని అన్నయ్య పొద్దున్నే మా మెకానిక్ షెడ్డుకి ఫోన్ చేశాడు. "కాస్త తుడిచి ఉంచండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కారు వదినది. కొండ మీది బడిలో లెక్కలు చెప్తుంది. బడి వేళకి పైకి వెళ్ళే బస్సు లేదు కాబట్టి కారు పోతే ఉద్యోగమూ పోయినట్టే. అన్నయ్యకి ఆ సంగతి తెలుసు. తెలిసే అమ్ముతున్నాడు.

దీనంతటికీ మూలం నాన్న నోరు. "కారుకేం రోగం లేదు, నడిపేవాళ్ళకే చేతకాదు" అని నిన్న అందరి ముందూ తేల్చేశాడు. షెడ్డు ఆయనది, నాకు పని నేర్పింది ఆయన, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. ఇక ఆయన మాటకి ఎదురేముంది? ఇంటిల్లిపాదీ తలూపారు. వదిన కళ్ళు దించుకుంది. ఇవాళ ఫోన్ రాగానే నేను మాత్రం ఊరుకోలేదు. "సాయంత్రం లోపల ఆ రోగమేదో నేను పట్టుకుంటా" అనేశాను.

వదిన సెలవు పెట్టి కారు తెచ్చింది. చదును రోడ్డు మీద బంగారంలా నడుస్తుందట. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం నీరసించిపోతుందట. "సర్వీసింగ్ అయిన దగ్గర్నుంచే ఇలా చేస్తోంది. చెప్తే ఎవరూ వినరు" అంది.

ఈ ఇంజనుకి గాలి పీల్చుకునే దారులు రెండు. నెమ్మదిగా తిరిగేటప్పుడు పొడుగు దారి, జోరందుకున్నాక పొట్టి దారి. దారి మార్చడానికి లోపల చిన్న రెక్కలుంటాయి. పొడుగు దారి కోసం వాటిని మూసి ఉంచేది ఇంజను తనే పీల్చే పీల్పు. అది సన్నటి రబ్బరు గొట్టంలోంచి వస్తుంది. అందకపోతే రెక్కలు తెరుచుకుని, ఇంజను వేళ కాని వేళ పొట్టి దారిలో పడి నీరసిస్తుంది. రెక్కలు చెప్పిన మాట వినడం లేదని కారులోని కంప్యూటర్ ఇదివరకే చెప్పింది. నాన్న రెక్కలు కడిగి, ఆ మాట చెరిపేసి, పనైపోయిందన్నాడు.

నేను మళ్ళీ మొదటి నుంచి చూసుకొచ్చాను. రెక్కల కడ్డీ హాయిగా కదులుతోంది. చేత్తో నొక్కే చిన్న పంపుతో గొట్టంలోంచి గాలి లాగితే రెక్కలు మూసుకుని అలాగే ఉన్నాయి. పీల్పుని వదిలి ఆపే కరెంటు వాల్వు టిక్కుమంటోంది. తీగలన్నీ బాగున్నాయి. ఇంజను ఎంత రేజ్ చేసినా ఒక్క తప్పూ దొరకదే!

నాన్న స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ, "తిక్క కుదిరిందా?" అన్నాడు.

"ఇంకా లేదు" అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ.

"ఇక్కడ బాగానే ఉంటుంది. ఇక్కడ ఎత్తు లేదుగా" అంది వదిన నెమ్మదిగా.

నిజమే! నాకు ముందే తట్టాల్సింది. పీల్పు ఎంతుందో చూపే వాక్యూమ్ గేజ్‌ని ఆ గొట్టానికి కలిపి, పొడుగు పైపు కిటికీలోంచి లోపలికి లాగి, గేజ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిన కొండ దారి పట్టింది. మొదటి మలుపు దాకా ముల్లు నిక్షేపంగా ఉంది. ఎత్తు మొదలై గట్టిగా తొక్కగానే ముల్లు సున్నాకి పడిపోయింది. ఇంజను మూలిగింది. వెనక లారీవాడు హారన్ మోగించాడు. వదిన కాలు తియ్యబోయింది.

"కాలు తియ్యకు వదినా, ఇంకా తొక్కు! తప్పు నీది కాదు!" అని అరిచాను.

గట్టిగా తొక్కినప్పుడు ఇంజను పీల్పు ఎలాగూ పడిపోతుంది. అందుకే ముందే కాస్త పీల్పు దాచి ఉంచడానికి ఆ గొట్టం మధ్యలో ఒక ప్లాస్టిక్ బుడ్డి ఉండాలి. ఎలాగో పాక్కుంటూ పైకి చేరాక బానెట్ ఎత్తి గొట్టం వెంట వేలు పెట్టి చూస్తే బుడ్డి లేదు. గొట్టం నీటుగా కోసి, నీటుగా బిగించి ఉంది. మా షెడ్డులో అంత నీటుగా కోసే చెయ్యి ఒక్కటే.

మా నాన్నకి బానెట్ కింద చిందరవందరగా ఉంటే గిట్టదు. తీగ లేనిదీ కదలనిదీ ఏదైనా కనబడితే "ఇల్లరికపు అల్లుడు, పని చెయ్యడు, చోటు వదలడు" అని పీకి పారేస్తాడు.

"ఆ నల్ల బుడ్డా? నేనే తీశా. ఎన్ని కార్లకి తియ్యలేదు?" అన్నాడు, షెడ్డుకి తిరిగొచ్చి నేను నిలదీస్తే.

"వాటిలో ఈ రెక్కలు లేవు నాన్నా. అంతగా నమ్మకపోతే మీరే నడిపి చూడండి, కొండ మీదికి. చదును రోడ్డు మీద కాదు."

ఆయన పౌరుషంగా తాళం లాక్కున్నాడు. మేమిద్దరం వెనక కూర్చున్నాం. అదే మలుపు, అదే మూలుగు. గేరు మార్చాడు, మళ్ళీ తొక్కాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది. కారు సగంలో ఆగిపోయింది. వెనక్కి తిప్పి షెడ్డుకి తెచ్చి, తుక్కు డబ్బాలో వెతికి, బుడ్డి తీసి తనే బిగించాడు. నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఈసారి వదిన నడిపింది. నాన్న పక్కన కూర్చుని గేజ్ పట్టుకున్నాడు. ఆమె ఎంత తొక్కినా ముల్లు జారలేదు. కారు ఒక్క ఊపున బడి గేటు దాకా ఎక్కేసింది.

అప్పుడే అన్నయ్య ఫోన్ వచ్చింది, కొనేవాళ్ళు ఇంట్లో కూర్చున్నారట.

"పంపించెయ్. కారు అమ్మడం లేదు" అన్నాడు నాన్న. అవతల అన్నయ్య ఏదో అడిగినట్టున్నాడు. "ఆ అమ్మాయికి నడపడం బాగా వచ్చురా. నాకే చేతకాలేదు."

వదిన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది.

"బడిలో ఖాళీ దొరికినప్పుడల్లా బల్ల కింద కాలితో తొక్కడం నేర్చుకుంటున్నా మామయ్యా. పిల్లలు చూసి నవ్వినా మానలేదు. మీరు అన్నారంటే నిజమే అయ్యుంటుందని, నా కాలికే బుద్ధి లేదనుకున్నా."

నాన్న తలుపు తీసుకుని దిగాడు. గోడ దగ్గరికి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నాకు జాలేసింది. అయినా వెళ్ళి పిలవలేదు.