చివరి వాటా ఆవిడ

నేను ఒక ఇత్తడి బిందెను. నా మెడ మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు చెక్కి ఉంది: అచ్చియ్యమ్మ. నన్ను చూసినవాళ్ళంతా ముందు ఆ పేరే చదువుతారు. చదివి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. మనుషులు ఊరుకోరు. ఎక్కడ పేరు కనిపిస్తే అక్కడ ఒక చుట్టరికం కలుపుకుంటే గాని వాళ్ళకు తోచదు.

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో ఒక కంచరి నన్ను చేశాడు. మొదట్లో సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా గోల పెట్టేదాన్ని. కొంతసేపటికి చప్పుడు మాత్రం నాది, నొప్పి ఎవరిదో అన్నట్టయింది. ఆ సంగతి బిందెలకే అనుకున్నాను. తర్వాత ఇళ్ళలో ఉండి చూశాను గదా, మనుషులకూ అంతే.

నన్ను కొన్నది అచ్చియ్యమ్మ. ఆ సందులోనే నాలుగు వాటాల పొడుగాటి పెంకుటిల్లు, నడుమ వాకిలి, వాకిట్లో నుయ్యి. వీధి వైపు వాటా ఆమెది. కొన్నరోజే కొట్టులో కూర్చుని నా మీద పేరు చెక్కించింది. గొప్పకు కాదు, కుళాయికి భయపడి. ఆ రోజుల్లో వీధి కుళాయి దగ్గర బిందెలే వరసలో నిలబడేవి, వాటి మనుషులు ఇళ్ళల్లో పొయ్యి రాజేసుకుంటూ ఉండేవారు. నీళ్ళు వచ్చేసరికి బిందె అటుదిటయితే జుట్లు పట్టుకునేవారు. ఆ కుళాయి కింద ఎన్ని బూతులు విన్నానో! పేరున్న బిందెను కాబట్టి నా జోలికి ఎవరూ వచ్చేవారు కాదు.

నూతికి అవతల చివరి వాటాలో హార్బరు కళాసీ ఒకడు, అతని పెళ్ళాం, వాళ్ళ కూతురు వరహాలు ఉండేవారు. ఒక వానాకాలం ఆ చివరి వాటా ఆవిడ బిందెకు అడుగున చిల్లు పడింది. మాట్లు వేసేవాడికి ఇచ్చింది. వాడు రేపూ మాపూ అంటూ తిప్పుతున్నాడు. అచ్చియ్యమ్మ నన్ను తీసి ఆమె చంకకెత్తింది. "నీది వచ్చీదాకా వాడుకో" అంది. అంతే. అప్పుడు ఇచ్చినామె గాని, తీసుకున్నామె గాని దాన్నొక విశేషంగా అనుకోలేదు.

చివరి వాటా ఆవిడ చంక సన్నగా, ఎముకగా ఉండేది. నన్ను నింపి నడిచేటప్పుడు ఆయాసం వచ్చేది. నూతి గట్టు మీద పిల్లను కూర్చోబెట్టి, నాతోనే నీళ్ళు పోసి ఒళ్ళు రుద్దేది. ఆ నెలలోనే ఊళ్ళో వాంతులూ విరేచనాలూ వచ్చాయి. పొద్దున నీళ్ళు మోసిన మనిషి సాయంత్రానికి లేదు. కళాసీ గోడకు ఆనుకుని కూర్చుని తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఏడవలేదు. పిల్లా ఏడవలేదు. ఏడవాలని దానికి ఎవరూ చెప్పలేదు.

పన్నెండో రోజు కాగానే విజయనగరం నుంచి కళాసీ అక్క వచ్చింది. ఉన్న గుడ్డలూ గిన్నెలూ మూటకట్టింది. నన్ను పిల్ల చేతుల్లో పెట్టి, "ఇది మీ అమ్మదే. జాగర్త" అంది. వరహాలు రెండు చేతులా నా మెడ పట్టుకుంది. వీధి గుమ్మంలో అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. నన్ను చూసింది. నోరు తెరిచింది. పిల్ల వేళ్ళు చూసింది. మూసేసింది. నేను కొత్త బిందెను, ముచ్చటపడి కొనుక్కున్నది. ఆ వీధిలో నోరున్న ఆడమనిషిగా ఆమెకు పేరు. ఆ రోజు మాత్రం తలుపు వారగా జరిగి దారి ఇచ్చింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. నా మనిషి నన్ను వదిలేసిందని. తర్వాత ఆ కోపమూ మొద్దుబారిపోయింది.

కళాసీ ఏదో ఓడెక్కిపోయాడని విన్నాం. మేనత్త తొందరగానే పోయింది. వరహాలుకు పెళ్ళయింది, కూతురు పుట్టింది. అప్పటికి ఆమెకు నాలుగక్షరాలు వచ్చాయి. నా మెడ మీదిది కూడబలుక్కుని చదివి, "మా అమ్మ పేరు అచ్చియ్యమ్మ" అంది. కాదనడానికి ఎవరున్నారు? బిందె మీద పేరు బిందె గలావిడదే కదా. అమ్మ పేరు కూతురికి పెట్టుకుంది. ఏటేటా పెద్దల పండక్కి నన్ను చింతపండుతో తోమి, బొట్టు పెట్టి, "అచ్చియ్యమ్మా, చల్లగా చూడు తల్లీ" అని దండం పెట్టేది. నేను తళతళలాడుతూ ఊరుకునేదాన్ని.

కూతురు అచ్చియ్యమ్మకు ఆ పేరంటే మంట. బడిలో పిల్లలు 'బామ్మా' అని పిలిచేవారట. "ఈ పాత పేరు తప్ప దొరకలేదా?" అని తల్లితో ఎన్నిసార్లు తగువాడిందో. రైల్వే ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యేనాటికి అలవాటుపడింది. తల పూర్తిగా నెరిశాక పేరు సరిగ్గా సరిపోయింది.

ఈ ఏడాది వరహాలమ్మ మంచం పట్టింది. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆమె భయపడలేదు, దిగులూ పడలేదు. అన్నం వద్దన్నట్టే అన్నీ వద్దంది. ఒక్కటే అడిగింది. "మా అమ్మ మొకం నాకు గుర్తు లేదే. నూతికాడ నీల్లు పోసీది, అవి సల్లగా ఉండీవి, అదొక్కటే గుర్తు. ఈ బిందె అట్టుకెల్లి ఆ నూతి నీల్లు తే. మా అమ్మని ఎరిగినోల్లు ఎవలైనా ఉంటే అడుగు, ఎలాగుండీదో."

అలా నేను బస్సెక్కాను. కూతురు ఒళ్ళో కూర్చుని పుట్టినూరు చేరాను. వన్ టౌన్‌లో సందులు అవే, ఇళ్ళే కావు. పెంకుటిళ్ళున్నచోట లాడ్జీలు, జెరాక్సు కొట్లు, గోడౌన్లు. కూతురు ఇంటింటికీ వెళ్ళి నన్ను చూపించి, "అచ్చియ్యమ్మగారని, పాతకాలం మనిషి" అని అడిగింది. ఒకాయన స్థలం కొనడానికి వచ్చిందేమోనని గజం ధర చెప్పాడు. ఇంకొకామె చేపలమ్మే అచ్చియ్యమ్మను పిలుచుకొచ్చింది. ఆమె నన్నెత్తి చూసి, పాతసామాన్ల కొట్లో ఎంతిస్తారో చెప్పి వెళ్ళింది.

చివరికి సగం కూలిన ఒక పొడుగాటి ఇల్లు. వీధి వాటా ఒక్కటే మిగిలింది. గుమ్మంలో ఎర్నమ్మ అనే ముసలావిడ ఎండుచేపలు ఆరబెడుతోంది. కూతురు చెప్పిన పేరు విని చెయ్యి ఆపేసింది. దగ్గరికొచ్చి నా మెడ మీది పేరు తడిమి చదువుకుంది.

"ఈ బిందె నీకెక్కడిదమ్మా? ఇది మా అత్తది!"

కూతురి మొహం వెలిగిపోయింది. "అచ్చియ్యమ్మగారు మీ అత్తగారా? అయితే ఆవిడ మా అమ్మమ్మే!"

"మీ అమ్మమ్మేటి? మా అత్తకి మా ఆయనొక్కడే గదా." ఎర్నమ్మ కాసేపు నన్నే చూసింది. "ఓసి... ఆ పిల్ల గుంట కూతురివా నువ్వు? తల్లి సచ్చిపోతే బిందె అట్టుకెల్లిపోనాదే, ఆ గుంట? మా అత్త పోయీదాకా సెప్పీది. కొత్త బిందె, అడుగుదారనుకున్నానే, ఆ గుంట సేతులు సూసి నోరు రానేదు అనీది."

కూతురు గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎండుచేపలకు ఈగలు ముసిరాయి. ఎర్నమ్మ తోలలేదు.

"మరి మా అమ్మమ్మ పేరేంటండీ?" అంది.

"పేరా?" ఎర్నమ్మ వేళ్ళతో నుదురు నొక్కుకుంది. "మా అత్త సివరి వాటా ఆవిడ అనీదమ్మా. సివరి వాటా ఆవిడ మంచిది, సివరి వాటా ఆవిడ పాపం పోనాది, అలాగే. నానైతే సూడనేదు. పేరు ఎవలూ అనగా యిన్నేదు."

కూతురు లేచి నన్ను ఎర్నమ్మ ముందు పెట్టింది. "అయితే ఇది మీదండీ" అంది.

"ఒద్దు తల్లీ. మా అత్త ఒగ్గేసినదాన్ని నానెలా తీసుకుంతాను? అయినా ఒట్టి బిందె సేతికివ్వకూడదు, ఒట్టిది పంపకూడదు." నన్ను లోపలికి పట్టుకెళ్ళింది. "నుయ్యి కప్పెట్టేసినారు, ఆ లారీ ఉందే, దాని కిందే. ఇవి కొళాయి నీల్లు" అంటూ సగానికి నింపి, నా మూతికి గుడ్డ వాసెన కట్టి ఇచ్చింది.

తిరుగు బస్సులో కూతురు కిటికీలోంచి చూస్తూనే ఉంది గాని ఏమీ చూడలేదు. కుదుపుకు నీళ్ళు తొణికి చీర తడిసింది. తుడుచుకోలేదు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. తన పేరును తానొకసారి మెల్లగా అనుకుంది, ఎవరినో పిలిచినట్టు.

ఇంట్లో వరహాలమ్మ కళ్ళు తెరిచే ఉంది. "ఇల్లు దొరికిందేటే?"

"దొరికిందమ్మా."

"మా అమ్మ ఎవలికైనా గుర్తుందా?"

కూతురు వాసెన గుడ్డ విప్పింది, గ్లాసు ముంచింది. "ఉంది. చాలా మంచిదట. పేరు అచ్చియ్యమ్మేనని అందరూ చెప్పారు."

వరహాలమ్మ రెండు గుక్కలు తాగింది. "అవే నీల్లు" అంది. నా మెడ మీది చుక్కల్ని బొటనవేలితో తడిమి, "అమ్మా" అంది. చాలా తేలిగ్గా అంది, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఏడుపొచ్చే చోటు అదేనని నాకు తెలుసు. రాలేదు. కూతురికీ రాలేదు. గ్లాసు కడిగి బోర్లించింది.

నాకు నోరుంటే చెప్పేదాన్నేమో అనుకుంటారు. ఏం చెప్పను? ఆ వానాకాలమంతా ఆమె చంకలో ఉన్నాను. మొగుడు 'ఏమే' అనేవాడు. పిల్ల 'అమ్మా' అనేది. కుళాయి దగ్గర 'చివరి వాటా' అనేవారు. పోయిన రోజు కూడా ఆమెను పేరు పెట్టి ఎవరూ ఏడవలేదు. ఆమె సొంత బిందె మాట్లు వేసేవాడి దగ్గరే ఉండిపోయింది, తెచ్చుకునేవాళ్ళు లేక. దాని మీద పేరు చెక్కించుకుందేమో. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు.