టికెట్ లేని దేశంలో కండక్టర్ సంచి

నేను ఇద్దరు కండక్టర్ల భుజాలకు నలభై ఏళ్ళు వేలాడిన తోలు సంచిని. ఇప్పుడు లక్సెంబర్గ్ దేశంలో, ఎక్టర్నాక్ అనే చిన్న ఊళ్ళో, మఠకన్యలు నడిపే ఒక వృద్ధాశ్రమంలో, అతిథుల గది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నాను. నా కడుపులో బస్సుల టైం పట్టికలు, ఒక పటం, తెలుగులో రాసిన ఒక ఉత్తరం ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎటు బయల్దేరినా ముందు నాలో చెయ్యి పెట్టి వెతుక్కుంటారు. కాబట్టి ఈ దేశంలో ఎలా తిరగాలో చెప్పే హక్కు నాకుంది. మీరు వినకపోయినా చెబుతాను. ఆర్టీసీలో చేసినదాన్ని, వినని జనానికి అరిచి చెప్పడం నాకు అలవాటే.

నన్ను కుట్టినవాడు నరసరావుపేటలో చెప్పులు కుట్టే యాకోబు. గేదె తోలు, మూడు అరలు, ఇత్తడి బొత్తాం. "ఇది నీ ఉద్యోగం కంటే ఎక్కువ కాలం ఉంటది సాయిబూ" అని చెప్పి నన్ను మస్తాన్‌వలి అనే కండక్టరు చేతిలో పెట్టాడు. ఆ మాట నిజమైంది. పన్నెండేళ్ళ తర్వాత మస్తాన్‌వలి గారు రిటైరవుతూ, డిపోలో కొత్తగా చేరిన ఎరువ లూర్దమ్మకు నన్ను ఇచ్చేశారు. ఇస్తూ ఒక్కటే చెప్పారు. "అమ్మాయ్, డ్రైవరు చక్రం చూసుకుంటాడు. నువ్వు మనిషినీ టికెట్టునూ చూసుకో. టికెట్టు లేని మనిషి బస్సులో ఉంటే ఆ తప్పు మనదే."

లూర్దమ్మది ఫిరంగిపురం. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ మాటను బైబిలు పక్కన పెట్టుకుని బతికింది. జనం ఎన్ని వేషాలు వేసేవారో నాకు తెలుసు. ఎక్కేదాకా గొంతు చించుకుని అరిచినవాడు, కండక్టరు దగ్గరికి రాగానే గాఢనిద్రలోకి జారుకునేవాడు. మీసాలు మొలిచిన కొడుక్కి హాఫ్ టికెట్ అడిగే తల్లికి వాడి వయసు ఎప్పటికీ తొమ్మిదే. లూర్దమ్మ అందరినీ నిద్ర లేపింది, అందరికీ వయసులు గుర్తు చేసింది. అయినా ఆమెను తిట్టినవాళ్ళు తక్కువ. ముసలివాళ్ళు ఎక్కుతుంటే రెక్క పట్టుకుని పైకి లాగేది, కూర్చున్న కుర్రవాళ్ళను లేపి సీటు ఇప్పించేది.

ఆమెకు ఒక్కతే చెల్లెలు, అగతమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే, అక్కే తల దువ్వి, అన్నం పెట్టి పెంచింది. ఆ పిల్ల మఠంలో చేరి సిస్టర్ అగత అయింది. మఠకన్యలు మొదటిసారి దేవుడికి మాట ఇచ్చే పండుగను మా వైపు మాటపట్టు అంటారు. వాళ్ళకు అది పెళ్ళి లాంటిది. ఆగస్టులో, గుంటూరులో, పొద్దున పది గంటలకు జరిగింది. లూర్దమ్మ తెల్లవారుజాము ట్రిప్పు ముగించుకుని వెళ్ళాలనుకుంది. దారిలో వాగు పొంగింది. బస్సు గట్టున నిలిచిపోయింది. అరవై మందిని నడిరోడ్డున వదిలేసి ఆమె ఎలా వెళ్తుంది? వానలో వాళ్ళకు ధైర్యం చెబుతూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. గుంటూరు చేరేసరికి విందు ఎంగిలాకులు కూడా ఎత్తేశారు. చెల్లెలు మఠం వ్యానులో వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆమె భుజానే ఉన్నాను. నేను లేకపోతే ఆమె డ్యూటీలో లేనట్టే కదా అని ఎన్నోసార్లు అనిపించింది.

అగతమ్మ ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పితేనే బాగుండేదేమో. తర్వాత ఆమెను లక్సెంబర్గ్‌లోని ఈ ఆశ్రమానికి పంపారు. ఇంటికి రెండుసార్లే వచ్చింది. ఇంతలో పాతికేళ్ళు గడిచి, రజతోత్సవం వచ్చింది. ఆ రోజు దివ్యపూజలో తన మాటపట్టును మళ్ళీ చదవాలి. "ఈసారి నువ్వు ముందు వరసలో కూర్చోవాలక్కా" అని అగతమ్మ రాసింది. అప్పటికి లూర్దమ్మ రిటైరై ఆరు నెలలు. మఠం వాళ్ళే పిలుపు పంపి వీసా ఇప్పించారు. ఆమె కొత్త హ్యాండ్‌బ్యాగు కొనలేదు. నా తోలుకు కొబ్బరి నూనె రాసి, నన్నే తగిలించుకుని విమానం ఎక్కింది.

చెల్లెలి ఉత్తరం నా మధ్య అరలో ఉండేది. మీకు పనికొస్తుంది, వినండి.

"అక్కా, ఈ దేశం మన పాత గుంటూరు జిల్లాలో నాలుగోవంతు ఉంటుంది, దారి తప్పుతానని భయపడకు. ఎయిర్‌పోర్టు బయటే ట్రామ్ ఉంటుంది. ఎక్కి కిర్ష్‌బర్గ్‌లో దిగు. అక్కడ ఎక్టర్నాక్ బస్సు దొరుకుతుంది. ఒకవేళ ఆలస్యమై ఆదివారం వస్తే గంటకొక్కటే. తొమ్మిదీ అయిదంటే తొమ్మిదీ అయిదే, ఆరు కాదు. స్టాపులో చెయ్యెత్తు, లేకపోతే ఆగకుండా పోతాడు. దిగే ముందు ఎర్ర మీట నొక్కు. ఎవరైనా 'మొయెన్' అంటే నమస్కారం అన్నట్టు, నువ్వూ అను. బస్సు, ట్రామ్, రైలు, ఈ దేశంలో అన్నీ ఉచితం, మనకైనా వాళ్ళకైనా. రైల్లో ఫస్ట్ క్లాసు ఎక్కితేనో, సరిహద్దు దాటితేనో టికెట్ కావాలి. అంతే. ఎవర్నీ టికెట్ అడక్కు."

లూర్దమ్మ చివరి మాట దగ్గర కళ్ళజోడు తీసేసింది. "దీనికి లోకం తెలవదు. మఠంలో కూర్చున్న మనిషికి బస్సుల సంగతేం తెలుసు? మన దగ్గర ఆడోళ్ళకి ఉచితమే గదా. అయినా జీరో టికెట్టు కొట్టకుండా ఎక్కించుకుంటామా?"

నిజమే మరి. ఆమె రిటైరయ్యే నాటికి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఉచితమైనా మిషన్‌లో సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతికివ్వాలి. అది లేకుండా కూర్చున్నా టికెట్టు లేని ప్రయాణమే. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఆమె వైపే ఉన్నాను.

శనివారం సాయంత్రం చేరాలి. మధ్యలో మారాల్సిన విమానం తప్పిపోయి, ఆదివారం ఉదయం ఏడున్నరకు దిగాం. పూజ పదింటికి. ఆశ్రమంలో అందరూ ఏర్పాట్లలో ఉంటారు, తీసుకెళ్ళడానికి ఎవరూ రారు. అయినా ఉత్తరంలో చెప్పినట్టు వెళ్తే తొమ్మిదీ యాభై అయిదుకల్లా ఎక్టర్నాక్‌లో ఉంటాం.

లూర్దమ్మ ముందు టికెట్ కౌంటరు వెతికింది. లేదు. కండక్టరు కోసం చూసింది. లేడు. రెండు ట్రాములు వచ్చి వెళ్ళిపోయాయి. లోపలికి తిరిగి వెళ్ళి, సమాచారం చెప్పే అమ్మాయిని అడిగింది. "ఫ్రీ, మేడమ్. నో టికెట్" అంది ఆ పిల్ల నవ్వుతూ. "ఫ్రీ సరేనమ్మా, జీరో టికెట్ ఎక్కడిస్తారు?" అని లూర్దమ్మ తెలుగులోనే నిలదీసింది. ఆ పిల్ల మళ్ళీ నవ్వింది. చివరకు, ట్రామ్‌లో ఎవరో ఒకరు వచ్చి కొడతారులే అని ఎక్కింది. ఎవరూ రాలేదు. దిగేదాకా నేరం చేసిన మనిషిలా నన్ను గుండెకు హత్తుకుని నిలబడింది.

కిర్ష్‌బర్గ్‌లో సరిగ్గా తొమ్మిదీ అయిదుకు బస్సు వచ్చింది. నిమిషాల ముల్లు ఒకటి మీద పడుతుండగా వచ్చింది. నలభై ఏళ్ళలో నేను అలాంటిది చూడలేదు. లూర్దమ్మ చెయ్యెత్తింది, ఆగింది. మెట్టెక్కి డ్రైవరు ముందు నిలబడి, "ఎక్టర్నాక్, వన్ టికెట్" అంది. అతను తల అడ్డంగా ఊపి, సీటు చూపించాడు. ఆమె చెయ్యి చాచే ఉంది. అతను మళ్ళీ సీటు చూపించాడు.

"టికెట్టు లేకుండా నేనెక్కనయ్యా. ఇచ్చే మనిషెవరో ముందు చెప్పు" అంటూ ఆమె కిందికి దిగింది. అక్కడ ఇంకెవరైనా కనిపిస్తారేమో అని చూడబోయింది. తలుపులు మూసుకున్నాయి. ఆమె వద్దనుకుందని అతననుకున్నాడు. అతని తప్పేమీ లేదు. బస్సు వెళ్ళిపోయింది.

స్తంభం మీది పట్టికపై వేలు పెట్టి చూసింది. తర్వాతి బస్సు పదీ అయిదు. పూజ మొదలయ్యాక బయల్దేరేది అదన్నమాట. లూర్దమ్మ బెంచీ మీద కూలబడింది. అడవిలో తప్పిపోయినవాళ్ళు కూడా అలా ఏడవరు.

"ఆ రోజు వాగు అడ్డమొచ్చింది. ఇయ్యాళ నాకు నేనే అడ్డమొచ్చా గదే చిన్నీ" అని నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. చిన్నీ అంటే అగతమ్మను ఇంట్లో పిలిచే ముద్దుపేరు. నాకూ దుఃఖం ఆగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు టికెట్టు టికెట్టు అని ఆమె భుజాన వేలాడి, ఆమె బుర్రలోకి ఎక్కించింది నేనే కదా.

ఊతానికి పట్టుకునే చక్రాల నడకబండి తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చి పక్కన కూర్చుని "మొయెన్" అంది. లూర్దమ్మ కళ్ళు తుడుచుకుని "మొయెన్" అంది. ఆవిడకు ఉత్తరం మీది ఫోను నంబరు చూపించింది. ఆవిడ తన ఫోనులో కలిపి ఇచ్చింది. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. అందరూ పూజ ఏర్పాట్లలో ఉన్నారు. ముసలావిడ తన సంచిలోంచి ఒక రొట్టె ముక్క తీసి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే గంటసేపు కూర్చున్నారు.

పదీ అయిదుకు బస్సు వచ్చింది. నెరిసిన మీసాల డ్రైవరు. లూర్దమ్మ కాళ్ళు మళ్ళీ మెట్టు దగ్గర ఆగిపోయాయి. ఎక్కాలని ఆమెకుంది, ఒళ్ళు ఒప్పుకోవడం లేదు. అప్పుడు నా లోపలి అరలో చెయ్యి పెట్టింది. ఆఖరి డ్యూటీ రోజు మిషన్‌లోంచి వచ్చిన ఒక జీరో టికెట్టు గుర్తుగా దాచుకుంది. అది తీసి డ్రైవరుకు చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. సగం చెరిగిపోయిన ఆ చీటీని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చూశాడు. ఒక్క అక్షరం అర్థమై ఉండదు. తర్వాత గంభీరంగా తలూపి, రెండు చేతులతో తిరిగి ఇచ్చి, సీటు చూపించాడు. మనుషుల మీద నాకు ఎప్పుడూ అంత గౌరవం కలగలేదు.

ముసలావిడ నడకబండి మెట్టు దగ్గరికి వచ్చేసరికి లూర్దమ్మ అలవాటుగా రెక్క పట్టుకోబోయింది. అవసరం లేకపోయింది. బస్సే ఉస్సురంటూ ఒక పక్కకు వంగి, నేల మట్టానికి దిగింది. ఆవిడ బండి తోసుకుంటూ ఎక్కేసింది. లూర్దమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఎంతమందిని లాగి ఈ భుజం అరగదీసుకున్నానో. బస్సే వంగుతుందంటే ఏం దేశమమ్మా ఇది!" అంది.

దారి పొడుగునా గోధుమ కోసేసిన పొలాలు, అడవులు, ఒక్కో ఊరికి ఒక్కో చర్చి గోపురం. వచ్చే స్టాపు పేరు తెర మీద కనబడుతుంది, గొంతు కూడా చెబుతుంది. ఎవరూ అరవరు, ఎవరూ తోసుకోరు. చక్రాల కుర్చీలకు, పిల్లల బండ్లకు వేరే చోటుంది. ఇంత దూరం తీసుకెళ్ళి ఎవరినీ ఏమీ అడగరు. నాకు మొదట కోపమొచ్చింది, నాలాంటి సంచుల బతుకేం కావాలని. తర్వాత ఆలోచించాను. దొంగనిద్రలు లేవు, తొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోయిన పిల్లలు లేరు. మనుషులు అబద్ధం ఆడనక్కర లేని బస్సును నేను అదే మొదటిసారి చూడడం.

లూర్దమ్మకు మాత్రం కిటికీలో ఏమీ కనబడలేదు. బస్సు గడియారం వైపే చూసింది. పదీ ఇరవై, పదిన్నర. "ఇప్పుడు ప్రసంగం అయిపోతుంటది. ఇప్పుడు చదువుతుంటది" అని తనలో తను అనుకుంది. పదీ ముప్పావు దాటాక అలా అనుకోవడం కూడా మానేసింది.

పదీ యాభై అయిదుకు ఎక్టర్నాక్ బస్టాండులో దిగాం. ఆ బస్సుకు అదే చివరి స్టాపు. పదకొండూ అయిదుకు వెనక్కి బయల్దేరాలి. డ్రైవరు ఇంజను ఆపి, సీసాలో నీళ్ళు తాగుతూ కిందికి దిగాడు.

ఎదురుగా రోడ్డు మీద తెల్ల చీరలో ఒక మఠకన్య పరుగెత్తుకు వస్తోంది. తల మీద పూల కిరీటం పక్కకు జారిపోయింది. చేతిలో ఒక కాగితం. అగతమ్మ! ఫాదర్ ఇంకో ఊరి పూజకు వెళ్ళాల్సి ఉండటంతో ఇక్కడ టైముకు ముగించారు. ముందు వరసలో ఖాళీ కుర్చీ చూస్తూ మాటపట్టు చదివి, దీవెన కాగానే, అక్క ఈ బస్సుకైనా వస్తుందని అక్కడినుంచి అలాగే పరుగెత్తుకొచ్చింది.

లూర్దమ్మ ఆమెను పట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. "నేను మళ్ళీ రాలేకపోయానే. ఈసారి వాగు కూడా లేదు. టికెట్టు కావాలని బస్సు వదిలేశా. నీ అక్క పిచ్చిదే" అంది.

"అక్కా, ఊరుకో. కూర్చో" అని అగతమ్మ ఆమెను బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టింది. కిరీటం సర్దుకుంది. తర్వాత అక్క ఎదురుగా, ఆ తారు రోడ్డు మీద మోకరిల్లింది. "అక్కడ వాళ్ళ భాషలో చదివాను. గుంటూరులో ఇంగ్లీషులో చదివించారు. మన భాషలో ఇప్పటిదాకా చదవనే లేదు" అంటూ కాగితం వెనక్కి తిప్పింది. వెనక వైపు చేత్తో తెలుగులో రాసుకుంది.

"సర్వేశ్వరుని ముందు, నన్ను పెంచిన మా అక్క లూర్దమ్మ ముందు, అగతమ్మ అనే నేను, బతికినంత కాలం పేదరికాన్ని, బ్రహ్మచర్యాన్ని, విధేయతను పాటిస్తానని మాట ఇస్తున్నాను."

గుంటూరులో నేను వినలేకపోయిన మాటలు అవి. లూర్దమ్మ ఒళ్ళో ఉండి, ఈసారి ప్రతి అక్షరం విన్నాను.

లూర్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోసారి చదువే, చిన్నీ. సగం నా ఏడుపులోనే పోయింది" అంది.

అగతమ్మ నవ్వుతూ ఏడుస్తూ మళ్ళీ మొదలుపెట్టింది. బస్టాండు గడియారం పదకొండూ అయిదు చూపించింది. నెరిసిన మీసాల డ్రైవరు సీట్లో కూర్చుని తాళం చెవి మీద చెయ్యి పెట్టాడు. వాళ్ళిద్దరి వైపు చూశాడు. చెయ్యి తీసేసి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

లూర్దమ్మ తిరిగి వెళ్తూ, కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొస్తానని నన్ను ఇక్కడే వదిలి వెళ్ళింది. నేను ఈ దేశంలో ఉండబట్టి చాలా కాలమైంది. ఇక్కడి బస్సు ఆలస్యంగా కదలడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాలుగు నిమిషాలు.