గురువారాల ఫోను

భర్త తనతో అబద్ధమాడాడేమోనన్న అనుమానం నాలొంగోను ఏళ్ళ తరబడి వదల్లేదు. కొత్త ఫోను చేతికొచ్చిన నాడే దాని తాళం నంబరు ఆమె అతనికి చెప్పేసింది. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేమిటని ఆమె నమ్మకం. "మరి మీది?" అని అడిగితే అతను నవ్వి, "మన పెద్దాడు పుట్టిన వేళ. నాకు గుర్తుండేది అదొక్కటే" అన్నాడు. ఒకరోజు అతను స్నానం చేస్తుండగా, ఆసుపత్రి చీటీలో రాసి ఉన్నట్టే ఏడు నలభై అని నొక్కి చూసింది. తెరుచుకోలేదు. మళ్ళీ అడుగుదామంటే, చాటుగా చూసిన సంగతి ఒప్పుకోవాలి. అడగలేదు.

ఆమె అసలు పేరు ఫెలిస్తా, అతని పేరు బోసా. కవలలు పుట్టాక ఊరంతటికీ ఆమె నాలొంగో, అతను సాలొంగో. గురువారం సాయంత్రమైతే చాలు, సాలొంగో ఫోను పట్టుకుని కాఫీ తోటలోకి నడిచేవాడు. అక్కణ్ణుంచి గొంతు తగ్గించిన మాటలు, మధ్యమధ్య నవ్వు వినిపించేవి. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని ఆమె పక్కనే జపమాల చెప్పేవాడు. పూసలు ఆమె చేతిలో కదిలేవి గాని మనసు తోటలోనే ఉండిపోయేది. ప్రభువా, ఈ మనిషి ఎవరితో నవ్వి వచ్చి నీ ముందు మోకరిల్లాడు?

కాఫీ కోతల్లో, ఆరబోసిన గింజల పక్కనే కూలిపోయి చనిపోయాడు. శవాలగదిలో అతని అక్క తమ్ముడి బొటనవేలు పట్టుకుని ఫోనుకి అదిమి చూసింది. అది తెరుచుకోలేదు. పిల్లల మేనత్త గనక ఊళ్ళో అందరికీ ఆవిడ సెంగాయే. ఆవిడ మాటంటే వంశం మాట.

కోతలు ముగిసి చాన్నాళ్ళయింది. రేపు దినం. పెద్దకొడుకు వాస్వాను వారసుడిగా కూర్చోబెడతారు. పందిట్లో అరటి ఆకులు పరుస్తూ సెంగా మళ్ళీ అదే మొదలుపెట్టింది.

"ఫోను సంగతి తేల్చవేమమ్మా?"

"ఏం తేల్చమంటావు వదినా? బళ్ళో చేరిన ఏడు, ఆవు ఈనిన ఏడు అంటూ నొక్కి పాడుచేసింది నువ్వేగా. ఇంకొక్కసారి తప్పు పడితే లోపలున్నదంతా తుడుచుకుపోతుందట. బజారులో బాగుచేసే అబ్బాయి చెప్పాడు."

"ఎక్కడైనా బిడ్డ ఉంటే? వాడికీ వంశం కావాలా, వద్దా? రేపు అంతా అయిపోయాక వచ్చి, నేనూ బోసా కొడుకునేనని గుమ్మంలో నిలబడితే నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఆయన అలాంటివాడు కాదు."

"నా తమ్ముడు నాకు తెలీదూ? వాడేం పునీతుడు కాదులే. గురువారాలు తోటలో ఎవరితో మాట్లాడేవాడు, కాఫీ చెట్లతోనా?"

సెంగా అడిగింది అన్యాయం కాదని నాలొంగోకూ తెలుసు. బిడ్డంటూ ఉంటే వాడి తప్పేముంది? కానీ తెరిస్తే తన కాపురమంతా అబద్ధమైపోతుంది. తెరవకపోతే అనుమానం తనతోపాటే సమాధికి వస్తుంది.

"అదేమిటి, రాత్రి ఒంటిగంట దాటింది, ఇంకా దీపం పెట్టలేదేం?" అంది సెంగా ఆవులిస్తూ.

నాలొంగో ఒళ్ళోని సాలొంగో ఫోను చెయ్యి తగిలి అప్పుడే వెలిగింది. దాని మీద ఏడు దాటి పది నిమిషాలు. ఆమె చెయ్యి ఆగిపోయింది. గడియారం ఏడు చూపిస్తే నోటితో ఒంటిగంట అనడం ఇక్కడ అందరికీ అలవాటే. పొద్దు పొడిచిందగ్గర్నుంచి ఒక లెక్క, పొద్దు గూకిందగ్గర్నుంచి ఒక లెక్క. ఆసుపత్రి చీటీ గడియారం మాట రాసింది. సాలొంగో ఏనాడైనా చీటీ చూసి మాట్లాడాడా? 'ఒంటిగంటా నలభైకి పుట్టాడు నా కొడుకు' అనే కదా ఊరంతా చెప్పుకున్నాడు!

శిలువ గుర్తు వేసుకుని సున్నా, ఒకటి, నాలుగు, సున్నా నొక్కింది.

ఫోను తెరుచుకుంది. అబద్ధమాడలేదు. అడిగిన రోజే నిజం చెప్పాడు.

గురువారాలన్నిటా ఒకటే పేరు, ముకో. అంటే బావమరిది. కింద చదవని కబుర్లున్నాయి.

"బావా, ఈ గురువారం చెయ్యలేదేం?"

"ఒంట్లో బాగాలేదా? మా చెల్లికి దొరికిపోయావా?"

చివరిది, "సరే. నువ్వూ నన్ను వద్దనుకున్నావన్నమాట. ఇక విసిగించను. నా పుంజు మాత్రం నీ దగ్గర బాకీ ఉంది."

"ఎవరే? ఆడదేనా?" సెంగా మీదకి వంగింది.

"మా అన్న."

"నీకు అన్నెక్కడున్నాడు?"

ఉన్నాడు. లుక్వాగో. ఆమె పెళ్ళిమాటల ముందురోజే చర్చి ఉపదేశిగారి భార్యను వెంటబెట్టుకుని సరస్సులోని దీవులకు వెళ్ళిపోయాడు. అన్న చేతికి పుంజు ఇచ్చాకే వరుడు వధువును తీసుకెళ్ళాలి. ఆరోజు పుంజు అందుకునే చెయ్యి లేదు. సిగ్గుతో ఆమె చర్చిలో పీఠం ముందు ప్రమాణం చేసింది, వాడి పేరు నా ఇంట్లో వినబడదని. సాలొంగో ఆ ప్రమాణం తప్పించలేదు. పేరు ఇంట్లో వినబడకుండా తోటలోకి వెళ్ళాడు. ప్రభువా, ఆ ప్రమాణం నువ్వు అడిగావా, నేనే నీకు అంటగట్టానా?

ఫోను చేసింది.

"బావా! బతికే ఉన్నావా?" అవతల అరుపు, వెనక అలల హోరు. "నేనేమో నీ మీద అలిగి కూర్చున్నా!"

"నేను అన్నా. ఫెలిస్తాని."

"బావేడీ?"

చెప్పింది.

"కోతలప్పుడా? ఇన్నాళ్ళూ అతన్ని తిట్టుకుంటున్నానే నేను! ఒక్క కబురు పెట్టబుద్ధి కాలేదా నీకు?"

"నంబరు లేదు" అంది. వెంటనే, "ఉన్నా చేసేదాన్ని కాదు" అని కూడా అంది. "రేపు దినం. రా అన్నా."

అతను ఫోను పెట్టేశాడు.

మర్నాడు వాస్వా భుజాన నారబట్ట ముడివేసి, తండ్రి ఈటె చేతికిచ్చారు. తండ్రికి రావలసినవీ, తండ్రి తీర్చవలసినవీ ఇక నీవేనని వంశపెద్ద వినిపిస్తుండగా, పందిరి చివర తలనెరిసిన మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు. చెప్పులకు ఇంకా ఇసుక ఉంది. సెంగా ఆయన్ని ఎగాదిగా చూసి, పక్కకు జరిగి దారిచ్చింది.

నాలొంగో గూట్లోంచి ఎర్ర పుంజును పట్టి తెచ్చి కొడుకు చేతికిచ్చింది. వాస్వా మోకరిల్లాడు.

"మామయ్యా, ఇది మా నాన్న బాకీ."

లుక్వాగో చెల్లెలి వైపు చూడలేదు. రెండు చేతులా పుంజును అందుకుని, అది రెక్కలు కొట్టుకోవడం మానేదాకా గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

"ముట్టింది" అన్నాడు.