కిన్నెర గర్జన నలభయ్యో ఏడు

‘కిన్నెర గర్జన’ పుట్టింది ఒక సినిమా హాలు కోసం. ఈ సంగతి ఊళ్లో పెద్దలందరికీ తెలుసు, పత్రిక వార్షికోత్సవాల్లో మాత్రం ఎవరూ ఎత్తరు. వైరా నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. కోస్తా నుంచి వచ్చి పొగాకుతో స్థిరపడిన బసవపున్నయ్య ఇక్కడ సినిమా హాలు కట్టబోతే సర్పంచ్ అనుమతి ఇవ్వలేదు. ఆయన ఖమ్మం నుంచి పాత అచ్చుయంత్రం తెప్పించి సర్పంచ్ అవినీతి మీద వారం వారం గర్జించాడు. అనుమతి వచ్చింది. గర్జన ఆగిపోయింది. ఎన్నికలప్పుడు మళ్లీ లేచేది, అడిగింది దక్కగానే పడుకునేది. అడవి పల్లెల్లో జ్వరాలతో జనం రాలిపోయిన ఏడు ఆ పత్రిక నిండా హాలుకి రాబోయే బొమ్మల ప్రకటనలే.

తర్వాత అది కొడుకు వెంకటకృష్ణ చేతికొచ్చి దినపత్రిక అయింది. తండ్రికి కనీసం తిట్టడం వచ్చు. కొడుక్కి పొగడడం తప్ప ఏమీ రాదు. నాలుగు పేజీల్లో మూడు పుట్టినరోజు శుభాకాంక్షలే. కారు అద్దం మీద ‘ప్రెస్’ అన్న ఎర్ర అక్షరాలు మాత్రం పత్రిక పేరు కంటే పెద్దవి.

ఆ ఆఫీసులో పనిచేసే మనిషంటూ ఉంటే అది జ్యోత్స్న. తండా పిల్ల. డిగ్రీ చదివి, స్కూటీ మీద ఊరూరా తిరిగి వార్తలు తెచ్చేది. వాటిలో సగం చెత్తబుట్టకే పోయేవి.

మొన్న వానాకాలంలో ఊరి బయటి ఆడపిల్లల హాస్టల్లో పురుగుల అన్నం తిని పిల్లలు దవాఖానాలో పడ్డారు. జ్యోత్స్న వెళ్లేసరికి పూలి అనే తల్లి, కూతురు సోని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“పొద్దుగాల నుంచి నీళ్లు గూడ నిలుస్తలేవు బిడ్డా. అన్నం గట్లనే ఉంటదని పిల్ల మొత్తుకున్నది. నేనే తిట్టి పంపిన. పేపర్ల రాస్తవా?”

“రాస్త యాడీ. రేపే వస్తది,” అంది జ్యోత్స్న, సొంత తల్లిని పిలిచినట్టే.

రాసింది. హాస్టల్‌కు బియ్యం పంపే కాంట్రాక్టరు బాబూరావు పేరుతో సహా రాసింది. వెంకటకృష్ణ అది చదివి, ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. తిరిగొచ్చేటప్పటికి ముఖం వెలిగిపోతోంది.

“రేపు మన నలభై ఏళ్ల పండగకి బాబూరావు గారే ముఖ్య అతిథమ్మా. మొదటి పేజీ మొత్తం ఆయనదే.”

“మరి పిల్లల వార్త సార్?”

“పిల్లలన్నాక కడుపునొప్పి రాదా? వదిలెయ్.”

మర్నాడు ఫంక్షన్ హాల్లో బాబూరావు మెడలో దండలు పడుతుండగా పూలి సరాసరి వేదిక ఎక్కింది. చేతిలో ఆనాటి పేపరు. దాన్ని టీకొట్టులో ఎవరితోనో చదివించుకుని వచ్చింది.

“నా బిడ్డ ముచ్చట ఏది ఇందుల? పురుగుల అన్నం పెట్టినోడు గీ కుర్చీల కూసున్నడు!”

మైకు ఆమెకు అందనంత దూరంలో ఉంది. వెంకటకృష్ణకు అందింది. పూలి భుజాల మీద ఒక శాలువ కప్పి, దండం పెట్టి, “మా పత్రికంటే ప్రాణం పెట్టే పాఠకురాలు!” అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. బాబూరావు లేచి తన పూలగుత్తి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఏడుస్తుండగానే ఫొటోలు తీశారు.

ఆ ఫొటో తెల్లారి పేపర్లో పడింది. కింద ‘అభిమాన పాఠకురాలి ఆనందబాష్పాలు’ అని రాశారు. జ్యోత్స్న పూలికి చదివి వినిపించింది.

“నేను ఏడ్చింది గందుకా?” అంది పూలి.

జ్యోత్స్న ఇక ఆఫీసుకు పోలేదు. పూలిని స్కూటీ వెనక ఎక్కించుకుని తండా తండా తిరిగింది. “పేపర్ల రాలేదు గాని జరిగింది ఇది,” అని ఇద్దరూ నోటితోనే చెప్పారు. తల్లిదండ్రులు కదిలొచ్చి, హాస్టల్ గేటు ముందు పురుగుల బియ్యం కుప్ప పోసి, వానలోనే కూర్చున్నారు. వాళ్లు లేవకపోవడంతో కొత్తగూడెం నుంచి అధికారి రాక తప్పలేదు. బియ్యం చూశాడు. బాబూరావు కాంట్రాక్టు పోయింది. సోని కోలుకుంది.

మర్నాటి గర్జన పతాక శీర్షిక: ‘కిన్నెర గర్జన ఎఫెక్ట్! కదిలిన యంత్రాంగం’.

వెంకటకృష్ణ ఫోన్ చేశాడు. “చూశావా అమ్మా మన పత్రిక దెబ్బ! రేపట్నుంచి వచ్చెయ్.”

“మనం ఆ వార్త ఏ తారీఖున వేసినం సార్?”

“తారీఖులు ఎవరు చూస్తారమ్మా?”

అందులో మాత్రం అతను నిజమే చెప్పాడు. ఊళ్లో ఎవరూ చూడలేదు. కలిసినవాళ్లంతా కరచాలనం చేసి అభినందించారు, అతనూ సిగ్గులేకుండా పుచ్చుకున్నాడు.

జ్యోత్స్న ఫోన్ పెట్టేసింది. పక్కనే సోనికి అన్నం కలుపుతున్న పూలి తలెత్తింది.

“ఎవరు బిడ్డా?”

“ఎవరు గాదు యాడీ,” అని జ్యోత్స్న తన కంచం ముందుకు జరిపింది.