లేడీస్ లైన్లో గూఢచారి

“చీర మార్చుకో పుష్పా, ఇంకాసేపాగితే లైను పెరిగిద్ది,” అన్నాడు భవానీప్రసాద్ కంచంలో చెయ్యి కడుక్కుంటూ.

మొగుడు చీర మార్చుకోమంటే ఏ ఇల్లాలైనా సినిమాకో పేరంటానికో అనుకుంటుంది. పుష్పవతికి మాత్రం ఆ మాటకి అర్థం ఎండలో నిలబడడం. నందిగామలో బొమ్మ మారినప్పుడల్లా ఇదే తంతు. మగవాళ్ళ బుకింగు దగ్గర చొక్కాలు చిరిగే తొక్కిసలాట, ఆడవాళ్ళ కిటికీ దగ్గర లైను చిన్నది. అందుకని పెళ్ళాన్ని అందులో నిలబెట్టడం, టికెట్లు చేతికి రాగానే “ఇక నువ్వెళ్ళు” అని ఇంటికి పంపించడం. సినిమా ఆయనకీ ఆయన స్నేహితులకీ, నడక ఈవిడకి.

ఈసారి వచ్చింది గూఢచారి సినిమా. కొత్తది కూడా కాదు. భవానీప్రసాద్ బెజవాడలో చదువు వెలగబెట్టే రోజుల్లో ఆడిన బొమ్మ, పదేళ్ళ తరవాత మళ్ళీ తిప్పుతున్నారు. పురుగుమందుల కొట్టు కట్టేసి వచ్చాక భోజనాల దగ్గర ఆ కథ ఆయన చెప్పని ఏడాది లేదు. తువ్వాలు మెడకి చుట్టుకుని, గరిటెని పిస్తోలులా పట్టుకుని చెబుతుంటే మామగారు బసవయ్య ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేవాడు. పుష్పవతికీ వినాలనే ఉండేది. సొరంగం తలుపు తెరుచుకునే వేళకి అత్తగారు సుబ్బమ్మ “మజ్జిగ తే అమ్మాయ్” అనేది. విలన్ గుహలో ఎర్రలైటు వెలిగే వేళకి ఆయనే “పచ్చడేదీ?” అనేవాడు. తెచ్చేసరికి గుహా లేదు, విలనూ లేడు, అందరూ చేతులు కడుక్కుంటూ ఉండేవారు. ఏళ్ళ తరబడి విన్న కథే, మొత్తంగా మాత్రం ఎన్నడూ వినలేదు.

ఊళ్ళో పోస్టరు పడ్డాక ఉండబట్టలేక అడిగింది, దాని మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అమ్మాయి ఏం చేస్తుందండీ అని.

“ఆడపిల్ల ఏం చేసిద్దే! కెవ్వుమనిద్ది,” అని నవ్వాడు. “అయినా నీకెందుకు? దాన్నిండా క్లబ్బు డాన్సులు. సంసారులు చూసే బొమ్మ కాదు.”

సంసారులు చూడకూడని బొమ్మకి సంసారులే టికెట్లు తేవాలి! ఈ మాట ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయిందో. ఒళ్ళు మండేది. ఆ మంటతోనే అంట్లు తోముకునేది.

ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి ఆయన స్నేహితులు జగన్నాథరావు, బుల్లిబాబు బస్సు దిగారు. ముగ్గురూ హాలు ఎదురుగా సోడా కొట్టు పంచన చేరారు. పుష్పవతి ఇనప కమ్మీల మధ్య నిలబడింది. పైన రేకు కాలిపోతోంది. సోడా కొట్టే చప్పుడు ఇక్కడిదాకా వినపడుతోంది. ఈమెకో సోడా పంపిద్దామని ఆ ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు.

వెనక ఆస్పత్రి ఆయా లూర్దమ్మ, కూతురిని వెంటబెట్టుకుని నిలబడింది. ఇద్దరిదీ ఒకే వీధి.

“నువ్వెప్పుడూ లోపలికి రావేందమ్మా? ఎదురొచ్చి మా కాళ్ళు తొక్కుకుంటా పోతావు!”

నిజమే. ఆ కమ్మీల దారి కిటికీ దాటాక నేరుగా హాల్లోకే పోతుంది. టికెట్లు బయటికి తేవాలంటే లైనంతా తోసుకుంటూ, తిట్లు తింటూ వెనక్కి రావాలి. అందరూ లోపలికి పోయే దారిలో ఇన్నేళ్ళూ తనొక్కతే బయటికి నడిచింది. ముందు లూర్దమ్మ మీద కోపం వచ్చింది. కాసేపటికి అది రావలసినవాళ్ళ మీదికే మళ్ళింది.

మూడు టికెట్లు చేతిలో పడ్డాయి. వెంటనే కిటికీ మూసేశారు, హౌస్‌ఫుల్. లూర్దమ్మ కూతురు ఏడుపు ముఖం పెట్టింది. పుష్పవతి రెండు టికెట్లు లూర్దమ్మ చేతిలో కుక్కి, మూడోది గుప్పిట్లో బిగించి, ముందుకే నడిచింది.

బొమ్మ మొదలయ్యాక ఆమెకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. మొగుడు చెప్పిన భయంకరమైన గుహ నిండా శ్రీరామనవమి పందిరి బల్బులు. రాకెట్టేమో వెండిరంగు పూసిన నీళ్ళ డ్రమ్ము, ఎగురుతుంటే తాడు కనపడుతోంది. హీరో బుగ్గన పుట్టుమచ్చ అంటించుకుని వస్తే సొంత తమ్ముడే పోల్చుకోలేకపోయాడు. ఆడవాళ్ళ వైపంతా పగలబడి నవ్వుతోంది. తీసినవాళ్ళు నవ్వించడానికే తీశారు. భవానీప్రసాద్ అదంతా వీరత్వం అనుకున్నాడు పాపం!

ఆ నల్లకళ్ళద్దాల అమ్మాయి ఒక్కసారి కూడా కెవ్వుమనలేదు. జీపు నడిపింది, గుహ దారి కనిపెట్టింది, హీరో కట్లు విప్పింది. బాంబు వైరు కోసిందీ ఆమే, హీరోగారు అద్దంలో విగ్గు సర్దుకుంటుండగా. చివర్లో పెద్దాఫీసరు వచ్చి పతకం హీరో మెడలో వేశాడు. ఆ అమ్మాయి జనం వైపు తిరిగి కన్ను గీటింది. హాలు గొల్లుమంది. పుష్పవతీ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. సినిమా అంతా ఆ పిల్ల కళ్ళెదుటే ఉంటే ఈయనకి కనపడలేదు. మరి ఇంట్లో తను కనపడుతున్నానని ఇన్నాళ్ళూ ఎలా అనుకుంది? ఏడుపు రాలేదు. నలిగిన టికెట్టు ముక్కని కొంగున ముడేసుకుని లేచింది.

బయట ముగ్గురూ ఆ పంచనే ఉన్నారు. భవానీప్రసాద్ ముఖం కందగడ్డలా ఉంది.

“బుద్ధుందా నీకు? పేట నుంచి వచ్చినోళ్ళని రోడ్డు మీద కూర్చోబెట్టి, నువ్వు దర్జాగా సినిమా చూసొస్తావా?” అన్నాడు పళ్ళు బిగించి.

జగన్నాథరావు సర్దబోయాడు. “పోనీలేరా. ఏం చెల్లెమ్మా, ఎట్టా ఉంది బొమ్మ?”

మాటవరసకే అడిగాడు. కానీ ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు. సోడా కొట్టు బల్ల మీద చోటుంది. పుష్పవతి వెళ్ళి కూర్చుంది.

“మొదట్లో ఒక జీపొచ్చిద్ది అన్నయ్యగారూ. నడిపేది ఆడపిల్ల...”

చెబుతూంటే చేతులు వాటంతట అవే లేచాయి. బుల్లిబాబు నవ్వుతూ దగ్గరికి జరిగాడు. సోడా కొట్టతను గ్లాసులు కడగడం ఆపేశాడు. ఇంటికి పోతున్న లూర్దమ్మ, కూతురు కూడా నిలబడిపోయారు. భవానీప్రసాద్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు.

“ఇక చాల్లే, లే. అమ్మ కాఫీకి చూస్తా ఉంటది.”

పుష్పవతి లేవలేదు.

“ఉండండి,” అంది, “ఇంకా ఇంటర్వెల్లన్నా కాలేదు.”