నేల తాకిన ఇసుక

తొమెకిచి తాత నిజం చెప్పిన రోజున వాన వెలుస్తుందని యాకుషిమా దీవిలో అనుకుంటారు. అక్కడ వాన వెలిసిన రోజు ఎవరికీ గుర్తులేదు. ఆ అడవిలో వాన జోరుకి చేపలు దారి తప్పి దేవదారు చెట్లెక్కుతాయనీ, కోతులే వాటిని తోక పట్టి వాగులో దిగబెడతాయనీ చెప్పే మనిషి. అలాంటివాడికి ఈ వసంతంలో కొండదేవుడికి సముద్రపు ఇసుక మోసుకెళ్లే వంతు వచ్చింది.

పోయినేడు ఆ వంతు బావమరిది యసబురోది. వాగు పొంగి సగం దారిలో తిరిగొచ్చాడు. "దేవుడే ఎదురొచ్చి పుచ్చుకున్నాడా?" అంటూ తొమెకిచి ఏడాది పొడుగునా అతణ్ణి పొడుచుకు తిన్నాడు. ఇప్పుడు తానూ శిఖరం మీది దేవుడి రాతిగూడు చేరకపోతే ఊళ్లో తలెత్తుకోలేడు.

పొద్దున్నే అల కిందినుంచి తీసిన ఇసుకను వెదురు గొట్టంలో నింపాడు. గూడు చేరేదాకా గొట్టం నేల తాకకూడదు. తాకితే ఆ ఇసుక దేవుడికి పనికిరాదు.

దారిలో భుజం తాడు వానకు నాని తెగింది. "నీకూ ఇప్పుడే మూడిందా!" అని తిట్టి గొట్టం చంకలో పెట్టుకున్నాడు. చెక్కబాట నిండా నాచుకు ఫొటోలు తీసే జనం. పక్కకి జరగరు, ముందుకీ పోరు.

రక్షిత అడవి మొదట్లో, కొత్తగా వచ్చిన కాపలా అమ్మాయి ఆపింది.

"తాతగారూ, బూట్లు తోమాలి. బయటి మట్టి లోపలికి పోకూడదు."

"నువ్వు పుట్టకముందునుంచీ ఈ కొండ ఎక్కుతున్న బూట్లు తల్లీ ఇవి!"

"అందుకేనా ఇంత పేరుకుంది? కాలెత్తండి."

ఒక కాలు అయింది. రెండోది ఎత్తగానే పక్కకి తూలాడు.

"అయ్యో, రెండు చేతులా కమ్మీ పట్టుకోండి!"

పట్టుకున్నాడు. బూట్లు తళతళలాడాయి. కిందికి చూస్తే గొట్టం మెట్టు పక్కన బురదలో బుద్ధిగా నిలబడి ఉంది. ఎప్పుడు పెట్టాడో తనకే తెలియదు.

చూసింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెకు ఆచారం తెలియదు. రెండడుగులు పైకి వేశాడు కూడా. మనుషులకు చెప్పినంత సులువుగా కొండకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. పళ్లు నూరుకుంటూ వెనక్కి తిరిగాడు.

"అదేంటి తాతగారూ, ఇంతా తోమాక దిగిపోతున్నారు?"

"బాగా తోమావుగా, ఊళ్లో చూపించొస్తా."

ఊరి చివర యసబురో చిలగడదుంప సారా పట్టుకుని కాచుకున్నాడు. చంకలో గొట్టం చూసి ముఖం వెలిగిపోయింది.

"ఏం బావా, దేవుడే ఎదురొచ్చి పుచ్చుకున్నాడా?"

"కింద పెట్టేశానురా. బూట్లు తోమించుకుంటూ."

యసబురో ముఖం వాడిపోయింది. "ఛీ, ఇంత చప్పటి అబద్ధం నీ నోట ఎన్నడూ వినలేదు. అసలు సంగతి చెప్పు."

"అదేరా అసలు సంగతి!"

"పో బావా! బూట్లట, తోమడమట!"

ఒట్టేశాడు. బూట్లు ఎత్తి చూపించాడు. అవి అప్పటికే దారిలో మళ్లీ బురదయ్యాయి. చివరికి నీరసం వచ్చి, "సరే విను, ఒక కోతి వచ్చింది..." అన్నాడు.

"అదీ!" యసబురో సారా ఒంపుతూ దగ్గరికి జరిగాడు. "ఎంత ఉంటుంది?"

"పడవంత," అన్నాడు తొమెకిచి, కసిగా.

వాన ఇంకాస్త పెరిగింది.