ఆరో షరతు

ఆ ఆదివారం ఉదయం ఉప్పలగుప్తం మీద ఆకాశం బూడిదరంగు మబ్బు కమ్మి ఉంది. చినుకు లేదు, గాలి లేదు. వేరే ఊళ్లలో అయితే చల్లగా ఉందని సంతోషిస్తారు. రొయ్యల చెరువులున్న చోట అలా అనరు. ఎండ లేకపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు నీటిని చిలికే ఏరియేటర్లు వెంటనే తిరగాలి.

అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మోటారు షెడ్డుకు ఎవరూ తాళం వేయరు. చెరువుగలవాడు ఊళ్లో లేకపోయినా, గట్టున పోయేవాడు రొయ్య తేలడం చూస్తే లోపలికి వెళ్లి మీట వేసి తన దారిన పోతాడు. పాత తగాదాలు కూడా దానికి అడ్డురావు.

దానియేలు మాస్టారి షెడ్డు తలుపూ ఆ ఉదయం తీసే ఉంది. లోపల మీట మాత్రం లేదు. ఆ స్థానంలో సీలు వేసిన తెల్లపెట్టె ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో చదువరులు తెలుసుకోవాలి.

మాస్టారి కొడుకు జయప్రకాష్ అమలాపురంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. ఏటా యాప్‌లు తయారుచేసే పిల్లలకు పోటీ పెడతాడు. హాలు మాట్లాడడం, జడ్జీలను బతిమాలడం, పిల్లలకు టిఫిన్లు అందేలా చూడడం అన్నీ అతనివే. అయినా ఊళ్లో వినిపించేది అతని పేరు కాదు, బాబాయి కూతురు శారోన్ పేరు.

శారోన్ చెరువులో ప్రాణవాయువు తగ్గితే ఏరియేటర్లను తిప్పే ప్రోగ్రాము రాసింది. దాని కోడ్ దాచుకోలేదు. ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు అని అందరి ముందూ పెట్టింది. ఓడలరేవు వాళ్లు తమ నీటి ఉప్పుకు తగ్గట్టు మార్చుకున్నారు. ఇంకొకరెవరో అది తెలుగులో కేకేసేలా చేశారు. పాస్టరుగారు ఆరాధనలో ఆమెను నిలబెట్టి ప్రార్థించారు.

"తమరు శారోనమ్మగారి అన్నయ్యగారేనాండీ?" అని బస్సులో ఎవరో అడిగిన రోజు జయప్రకాష్‌కు అన్నం సయించలేదు. ఆ పిల్లకు లెక్కలు నేర్పింది తను. మొదటిసారి కంప్యూటరు ముట్టుకోనిచ్చింది తను. ఇప్పుడు తనే ఆమె అన్న అయ్యాడు!

ఈ ఏడాది పోటీకి ఒక కంపెనీ ఖర్చు పెట్టుకుంటానంది. అయిదు షరతులు పంపింది. మా సాంకేతికతతోనే తయారుచేయాలా, కోడ్ బయట పెట్టవచ్చా అన్నది మాత్రం నిర్వాహకులుగా మీ ఇష్టం అంది. జయప్రకాష్ కాసేపు ఆలోచించి ఆరో షరతు తనే రాశాడు: కంపెనీ పరికరాలతోనే చేయాలి, కోడ్ ఎవరికీ చూపకూడదు. ఆ ఒక్క వాక్యంతో ఎవరు ఆగిపోతారో అతనికి తెలుసు.

శారోన్ ఇంటికి వచ్చింది.

"అన్నయ్యా, ఈ ఆరోది కంపెనీ పెట్టిందా, నువ్వు పెట్టేవా?"

"కంపెనీయే. నాదేముంది?"

"అయితే నేను రాలేను. నాది అందరిదీనూ."

"నీ ఇష్టమమ్మా. రూలు రూలే," అన్నాడు. లోపల చల్లగా అనిపించింది.

పోటీలో గెలిచిన యాప్‌ను కంపెనీ పెట్టెలో పెట్టి తెచ్చారు. జయప్రకాష్ పట్టుబట్టి దాన్ని మొదట తండ్రి షెడ్డులోనే బిగించాడు. అక్కడ శారోన్ అంతకుముందే అమర్చినదాన్ని మీటతో సహా పీకి అటకెక్కించాడు. మాస్టారు కొడుకు ముఖం చూసి ఊరుకున్నారు.

ఆ ఆదివారం అందరూ చర్చిలో ఉన్నారు. పక్క చెరువు గంగబాబు గట్టున పోతూ రొయ్యలు తేలడం చూశాడు. షెడ్డులోకి ఉరికాడు. మీట కోసం గోడంతా తడిమాడు. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. బండెక్కి చర్చి గుమ్మం దాకా వచ్చి కేకేశాడు.

"మాస్టారండీ! రొయ్య తేలిపోతందండీ! ఆ పెట్టె నా మాట వినట్లేదండీ!"

మాస్టారు, జయప్రకాష్, శారోన్ చెరువుకు పరుగున వచ్చారు. జయప్రకాష్ యాప్ తెరిచాడు. సేవలు తాత్కాలికంగా నిలిపివేశామని వచ్చింది. కంపెనీకి ఫోను చేస్తే, ఆదివారం సెలవని రికార్డు చేసిన గొంతు మర్యాదగా చెప్పింది.

"ఏరియేటర్ తిప్పుకోడానిక్కూడా పర్మిషన్ కావాలాండీ బాబూ?" అన్నాడు గంగబాబు. "శారోన్ పాపగారు పెట్టినదాంట్లో మీట ఉండేదండి. నొక్కితే తిరిగేసేది."

"సీలు తీస్తే కంపెనీవాళ్లు..." అని నసిగాడు జయప్రకాష్.

"తియ్యరా!" అన్నారు మాస్టారు.

శారోన్ కరెంటు మెయిన్ ఆపి వచ్చింది. గంగబాబు గునపంతో పెట్టె పగలగొట్టాడు. ఆమె తీగలు కలిపి మెయిన్ వేసింది. ఏరియేటర్ల చక్రాలు తిరిగాయి. కాని అప్పటికే చెరువులో సగం పంట తెల్లబడి గట్టువారకు కొట్టుకొచ్చింది. మిగతాది నిలిచింది. చుట్టుపక్కల వాళ్లంతా దిగి చచ్చిన రొయ్యను బుట్టలకెత్తారు.

మధ్యాహ్నానికి అందరూ మాస్టారింటికి చేరారు. జయప్రకాష్ వసారా స్తంభం దగ్గరే నిలబడిపోయాడు.

"ఆ ఆరో షరతు కంపెనీది కాదు నాన్నగారూ," అన్నాడు. "నాది. శారోన్ రాకూడదని పెట్టేను."

గంగబాబు తల దించుకున్నాడు. శారోన్ మాత్రం అన్న వైపే చూసింది. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ.

మాస్టారు కొడుకు వైపు తిరిగారు.

"డబ్బు పెట్టినవాడు తాళం వేసుకుంటాడురా. అది వాడి వ్యాపారం. పోటీ పెట్టే మనిషి మాత్రం పదిమంది తరఫున నిలబడాలి. నీ చెల్లెలి మీద నీకున్న కడుపుమంటని రూలుగా రాసి పిల్లలందరి మీదా రుద్దేవు. పదిమందికీ పనికొచ్చే విద్యకి తలుపు తీసుండాలి. అసూయతో మూసిన తలుపు అవతలివాడికే కాదు, మనక్కూడా తెరుచుకోదు."

మాస్టారి భార్య విజయకుమారిగారు చాప పరిచి, విస్తళ్లు వేసి, అన్నమూ పప్పూ తెచ్చారు. ఆదివారమని పొద్దున్నే వండిన రొయ్యల ఇగురు పొయ్యి దగ్గరే ఉండిపోయింది. అడిగినవాళ్లు లేరు.

శారోన్ తన విస్తరి కొంచెం పక్కకు లాక్కుంది. చాప మీద ఒక మనిషికి చోటైంది. జయప్రకాష్ వచ్చి ఆ చోట కూర్చున్నాడు. అందరూ తలలు వంచుకుని తిన్నారు.